నిప్పు లేనిదే పొగ రాదు. మరి పొగ లేని నిప్పు?

మహారాష్ట్రలో పదో తరగతి గట్టెక్కి ఆర్ట్స్ తీసుకునే పిల్లలకు పదకొండు, పన్నెండు తరగతుల్లో ఎంచుకోదగ్గ సబ్జెక్టుల జాబితా ఒకటి ఉంటుంది. చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రం, భూగోళం, మనస్తత్వశాస్త్రం. ఆ వరుసలో ఎక్కడో ఒక మూల ‘తర్కశాస్త్ర’ అని కూడా కనబడుతుంది. ఇంగ్లీషు మీడియం వాళ్ళకు అదే లాజిక్. పుణేలోని బాలభారతి సంస్థ దీనికి కొత్త పాఠ్యపుస్తకాలు వేసింది. పదకొండో తరగతిది 2019లో, పన్నెండో తరగతిది 2020లో వచ్చాయి. మన తెలుగు ఇళ్ళలో ఆర్ట్స్ అంటేనే మొహం ముడుచుకుంటారు. ఇక అందులో తర్కశాస్త్రం అంటే, అసలే ఎదురు మాట్లాడే పిల్లలకు ఆయుధం చేతికిచ్చినట్లు భావిస్తారు.

ఈ పుస్తకం మా చుట్టాలింట్లోకి వచ్చిపడింది. మా చెల్లెలిని ఇచ్చిన ఊరు సగరోళి. నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలో, మంజీర ఒడ్డున ఉంటుంది. నది దాటితే తెలంగాణ, బోధన్ వైపు పల్లెలు. 1956 నవంబరు 1 వరకు ఈ రెండు ఒడ్లూ హైదరాబాదు రాష్ట్రంలోనివే. ఆ తరువాత గీత మారింది గాని పెళ్ళి సంబంధాలు మారలేదు. బడి మరాఠీ, వంటిల్లు తెలుగు, బజారు రెండూ. చదువు విషయంలో సగరోళి సామాన్యమైన ఊరు కాదు. 1959లో బాబాసాహెబ్ దేశ్‌ముఖ్ గారు స్థాపించిన సంస్కృతి సంవర్ధన్ మండల్ వల్ల ఆ పల్లెకు చుట్టుపక్కల పిల్లలు వచ్చి చదువుకోవడం మామూలైంది. మా మేనకోడలు పదో తరగతి దాకా మరాఠీలోనే చదివి, నాందేడ్‌లో జూనియర్ కాలేజీలో చేరింది. హాస్టల్లో ఉంటుంది, శనివారం బస్సెక్కి ఇంటికొస్తుంది. అలా ఒక శనివారం సంచిలో తర్కశాస్త్రం పుస్తకం తెచ్చింది.

మొదటి పేచీ వాళ్ళ నానమ్మతో వచ్చింది. పిల్ల పాఠం చదువుతూ ‘అనుమాన్, అనుమాన్’ అంటుంటే ఆవిడ చెవిన పడింది. "అనుమానం జేసుడు గూడ సదువేనా బిడ్డా? గది మా అత్తకు ఏ కాలేజీకి పోకుండనే మస్తు వస్తుండె" అన్నది.

ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. మరాఠీలో అనుమానమంటే, తెలిసిన దాన్నిబట్టి తెలియని దాన్ని నిర్ణయించడం. సంస్కృతంలోనూ అంతే. న్యాయశాస్త్రంలో అది గౌరవనీయమైన ప్రమాణం, ప్రత్యక్షం తరువాత దానిదే స్థానం. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట ఎందుకో దిగజారి సందేహమైంది, శంక అయింది, చివరకు కాపురాలు కూల్చే గుణమైంది. గుండుసూదంత ఆధారంతో కొండంత నిర్ణయం చేసే అలవాటు మనవాళ్ళకు ఎక్కువని మాట అర్థమే మారిపోయిందో ఏమో.

రెండో పేచీ మా బావగారిది. ఆయనది ఒకే ప్రశ్న. "దీంతోని ఉపాధి ఏమన్న దొరుకుతదా?" ఈ ఉపాధి అన్న మాట కూడా తర్కశాస్త్రంలోదే కావడం విచిత్రం. అక్కడ దాని అర్థం వేరు, ఆ సంగతికి తరువాత వస్తాను. బావగారి బెంగ నిజమైనది. రెండెకరాల తరి, నాలుగెకరాల సోయాబీన్ మీద ఇద్దరు పిల్లల చదువు నడవాలి. తర్కం మానేసి మరో సబ్జెక్టు మార్చుకోమని, మార్చుకోవడానికి ఇంకా పది రోజులు గడువుందని ఆయన గట్టిగానే చెప్పాడు. బ్యాంకులో ఉన్నవాణ్ణి కదా, ఉద్యోగాల సంగతి నాకు తెలుస్తుందని తీర్పు నా మీద పెట్టారు.

నేను చదివింది బీకాం. మాకు లాజిక్ అనే పేపరు లేదు. కాని లాజిక్ చదవకుండా బ్యాంకు గడప దాటిన క్లర్కు గాని ఆఫీసరు గాని మా తరంలో ఎవరూ లేరు. బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డులు ఉన్న రోజుల్లో (2001లో అవి రద్దయ్యాయి) పరీక్షలో రీజనింగ్ అని ఒక భాగం ఉండేది. బల్లలన్నీ కుర్చీలు, కొన్ని కుర్చీలు ఏనుగులు, కాబట్టి కొన్ని బల్లలు ఏనుగులా, కాదా? కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న గైడు ముందేసుకుని, సున్నాలు గీసి, ఒకదాంట్లో ఒకటి ఇరికించి తేల్చేవాళ్ళం. అరిస్టాటిల్ రెండువేల మూడువందల ఏళ్ళనాడు కట్టిన శాస్త్రం అదేనని మాకెవరూ చెప్పలేదు. చెప్పినా మార్కులు పెరగవు కనుక మేమూ అడగలేదు. ఆ రీజనింగ్ ఇప్పటికీ బ్యాంకు పరీక్షల్లో ఉంది. లా కాలేజీల్లో ప్రవేశానికి రాసే క్లాట్‌లో ఉంది, సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపర్లో 2011 నుంచి ఉంది. ఈ మాటే బావగారికి చెప్పాను. ఆయన సగం మెత్తబడ్డాడు. అయితే నా మనసులో ఉన్న కారణం అది కాదు.

ఆ రాత్రి పిల్ల పుస్తకం తిరగేశాను. మరాఠీ చదవడం ఈ ఉద్యోగంలో అలవాటే. వాక్యం అంటే ఏమిటి, దానికి సత్యాసత్యాలు ఎలా కడతారు అనే దగ్గర మొదలవుతుంది. తరువాత సత్యపట్టికలు, నిరూపణలు, పాత సంప్రదాయ తర్కం, చివర్లో మనుషులు వాదనలో చేసే పొరపాట్ల జాబితా. అందరినీ తికమక పెట్టేది ‘అయితే’ అనే సంబంధం. మరాఠీలో దానికి జర్, తర్ అని రెండు మాటలు విడిగా ఉన్నాయి. మా మేనకోడలు ఒక మంచి సంగతి పట్టింది. తెలుగులో దానికి విడిమాట అక్కరలేదట, క్రియలోనే దాక్కుంటుందట. వాన పడితే, బస్సు వస్తే, నువ్వు తింటే. "అందుకే మామా, మనం అది చూడకుండనే దాటిపోతం" అన్నది. వ్యాకరణం సంగతి నాకు తెలియదు గాని, ఆ మాట నాకు నచ్చింది.

ఆ ‘ఇతే’ ఒక వైపే నడిచే దారి. వాన పడితే వాకిలి తడుస్తుంది. వాన పడింది, కాబట్టి తడిసింది. ఇది సరైన వాదన. వాకిలి తడవలేదు, కాబట్టి వాన పడలేదు. ఇదీ సరైనదే. వాకిలి తడిసింది, కాబట్టి వాన పడింది అంటే మాత్రం చెల్లదు, ఎవరో కళ్ళాపి చల్లి ఉండవచ్చు. వాన పడలేదు, కాబట్టి తడవలేదు అన్నా చెల్లదు. నాలుగు దారుల్లో రెండు తెరిచి ఉన్నాయి, రెండు మూసి ఉన్నాయి. పుస్తకంలో సగం బరువు ఈ నాలుగు దారుల మీదే ఉంది.

కామర్స్ వాళ్ళకు ఇది కొత్త కాదు, పేరు మాత్రమే కొత్త. మా మొదటి సంవత్సరంలో ట్రయల్ బ్యాలెన్సు, తెలుగు మీడియం పుస్తకాల్లో అంకణా, చెప్పిన రోజే మాస్టారు ఒక హెచ్చరిక చేస్తారు. లెక్కలు సరిగ్గా రాస్తే అంకణా కలుస్తుంది. అంతేగాని అంకణా కలిసింది కదా అని లెక్కలన్నీ సరైనవని చెప్పరాదు. ఒక బిల్లు అసలు పుస్తకంలోకే ఎక్కకపోవచ్చు. మరమ్మతు ఖర్చు యంత్రాల ఖాతాలో పడి ఉండవచ్చు. ఒక చోట వెయ్యి ఎక్కువ, మరో చోట వెయ్యి తక్కువ రాస్తే రెండూ ఒకదాన్నొకటి కప్పుకుంటాయి. రెండు వైపులా మొత్తం పైసతో సహా కలుస్తుంది, లోపల మాత్రం తప్పే ఉంటుంది. కలవకపోతే తప్పున్నట్టే. కలిస్తే తప్పు లేనట్టు కాదు. ఈ ఒక్క వాక్యం అర్థం కాని గుమాస్తాను ఆడిటర్లు మొదటి రోజే కనిపెడతారు.

మన తెలుగువాళ్ళలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. భారతదేశంలో సంస్కృతంలో తర్కం నేర్చుకునే ప్రతి విద్యార్థీ మొదట పట్టుకునే పుస్తకం ఒక తెలుగువాడు రాసింది. పుస్తకం పేరు తర్కసంగ్రహం, రాసినవారు అన్నంభట్టు. పదిహేడో శతాబ్దంవాడు, తెలుగునాటి నుంచి వెళ్ళి కాశీలో స్థిరపడ్డాడు. అంటే ఆయనా మనలాగే సొంత గడ్డకు దూరంగా బతికినవాడే. పిల్లలకు సులువుగా బోధపడాలని రాస్తున్నానని పుస్తకం మొదట్లోనే చెప్పుకున్నాడు. చాలా చిన్న పుస్తకం. దానికి దీపిక అనే వ్యాఖ్య కూడా తనే రాసుకున్నాడు. బొంబాయి సంస్కృత గ్రంథమాలలో 1897లో అథల్యే, బోడస్ పండితుల ఇంగ్లీషు పీఠిక, వివరణలతో ఈ పుస్తకం అచ్చయింది. అలా ఒక తెలుగువాడి పాఠాన్ని మరాఠీ పండితులు కాలేజీ పిల్లలకు అందించారు. సగరోళి లాంటి ఊరికి ఇంతకంటే దగ్గరి చుట్టరికం ఏముంటుంది?

అన్నట్టు, మంజీర ఎగువన మెదక్ జిల్లాలో కొల్చారం ఉంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథసూరి ఇంటిపేరు ఆ ఊరిదే. ఆయన వరదరాజు తార్కికరక్షకు నిష్కంటక అనే వ్యాఖ్య కూడా రాశాడు. కావ్యాల మల్లినాథుణ్ణి అందరూ తలుచుకుంటారు, తర్కం మల్లినాథుణ్ణి ఎవరూ తలవరు. ఈ నది పొడుగునా తర్కం పారిందని చెప్పుకోవడానికి మనకు హక్కుంది.

తర్కసంగ్రహంలో ఉదాహరణ వంటింట్లోది. దూరంగా గుట్ట మీద పొగ కనిపిస్తుంది. అక్కడ నిప్పుందని అంటాం. ఎందుకని అడిగితే, పొగ ఉంది కనుక. ఎక్కడ పొగ ఉంటుందో అక్కడ నిప్పుంటుంది, వంటింట్లో చూశాం కదా. ఈ గుట్ట మీదా అటువంటి పొగే ఉంది. కాబట్టి నిప్పుంది. ఇవి అయిదు మెట్లు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. అరిస్టాటిల్ వాదనకు మూడు మెట్లే, ఉదాహరణ అనే మెట్టు లేదు. మనవాళ్ళు మాత్రం నువ్వెక్కడ చూశావో చెప్పు, అవతలివాడు కూడా ఒప్పుకునే చోటు చూపించు అని పట్టుబట్టారు.

పొగను బట్టి నిప్పును చెప్పవచ్చు. మరి నిప్పును బట్టి పొగను చెప్పవచ్చా? గుట్ట మీద నిప్పుంది, కాబట్టి పొగ కూడా ఉండితీరాలి అంటే? కూడదంటాడు అన్నంభట్టు. కొలిమిలో ఎర్రగా కాల్చి తీసిన ఇనుప గుండును చూడండి. నిప్పుంది, పొగ లేదు. నిప్పుకు పొగ రావాలంటే మరొకటి కావాలి, తడి కట్టె. ఆ తడి కట్టె పేరే తర్కశాస్త్రంలో ఉపాధి. బయటికి చెప్పకుండా లోపల దాగి, వాదనను తప్పుదారి పట్టించే షరతు అన్నమాట. మా బావగారికి ఇది చెబితే ఆయన చాలాసేపు నవ్వి, "ఇక్కడ గూడ ఉపాధి పచ్చికట్టెల పొయ్యేనన్నమాట" అన్నాడు.

అన్నంభట్టు పేరు మీద పండితుల్లో ఒక నానుడి ఉంది. కాశీకి పోయినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరని. ఆలోచిస్తే అదీ ఈ పాఠమే. అన్నంభట్టు కాశీకి వెళ్ళాడు. కాశీకి వెళ్ళినవాళ్ళందరూ అన్నంభట్లు కారు.

ఇంకా పాతది మంజీర ఒడ్డున కూర్చుని చెప్పుకోదగ్గ ఉదాహరణ. గౌతముడి న్యాయసూత్రాల్లో, దానికి వాత్స్యాయనుడి భాష్యంలో, నది పొంగడం చూసి ఎగువన వాన పడిందని చెప్పడం అనుమానానికి ఒక రకంగా వస్తుంది. వెంటనే ప్రతివాది ఆక్షేపణ కూడా అక్కడే ఉంది. నీళ్ళకు ఎక్కడో అడ్డు పడినా నది పొంగుతుంది కదా, మరి నీ అనుమానం ఏమైనట్టు? సగరోళిలో ఈ ఆక్షేపణ పుస్తకంలోది కాదు, వాస్తవం. ఎగువన 1923 నుంచి 1931 వరకు కట్టిన నిజాంసాగర్ ఉంది. దాని గేట్లు ఎత్తితే, ఇక్కడ ఆకాశం తెల్లగా ఉన్నా, కందకుర్తిలో గోదావరిని కలిసేదాకా మంజీర నిండుగా పారుతుంది. న్యాయశాస్త్రజ్ఞుల జవాబు చూడండి. పొంగు అనే ఒక్క గుర్తుతో మేం తీర్పు చెప్పడం లేదంటారు. ఉరవడి, నురగ, కొట్టుకొచ్చే ఆకులు, కట్టెలు, ఇవన్నీ కలిసిన పొంగును బట్టి వానను చెబుతున్నామంటారు. నానమ్మకు ఈ మాట చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. వాన నీళ్ళ రంగు వేరు, గేటు నీళ్ళ రంగు వేరు, ఎవరికైనా తెలుస్తుంది అన్నది. అనుమానం తెలియదన్నది ఆవిడే!

ఇంతవరకు ఇది సరదా. ఆ ఏడు సోయాబీన్ కోతలయ్యాక జరిగింది సరదా కాదు.

బావగారి వాడకట్టులో ఒక పెద్దాయన ఉన్నాడు. భార్యాభర్తలిద్దరే, కొడుకు షోలాపూర్‌లో. మోండాలో సోయాబీన్ అమ్మిన డబ్బు ఖాతాలో పడిన మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. బ్యాంకు హెడ్డాఫీసు నుంచి అన్నాడు. ఆయన పేరు, తండ్రి పేరు చెప్పాడు, ఏ బ్రాంచిలో ఖాతా ఉందో చెప్పాడు, ఖాతా నంబర్లో చివరి నాలుగు అంకెలూ చెప్పాడు. కేవైసీ సరిచేయకపోతే సాయంత్రానికి ఖాతా ఆగిపోతుందన్నాడు. ఇదంతా చక్కని తెలుగులో. మెసేజిలో వచ్చిన ఆరంకెలు చదవమంటే ముసలాయన కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క అంకె జాగ్రత్తగా చదివి వినిపించాడు. అరవై నాలుగు వేలు పోయాయి. ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడి మర్నాటి సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు. అప్పుడు 1930కి ఫోన్ చేస్తే తొమ్మిది వేలు ఎక్కడో ఒక ఖాతాలో ఆగి ఉన్నాయి, మిగతావి చేతులు మారిపోయాయి.

నేను వెళ్ళిన రోజు ఆయన నాతో ఒకే మాట అన్నాడు. "తెలుగుల మాట్లాడిండు సారూ. మనోడే అనుకున్న."

రాష్ట్రం బయట బతుకుతున్న మనకు ఆ మాట గుచ్చుకోవాలి. రైల్లో ఎదుటి బెర్తువాడు తెలుగులో ఫోన్ మాట్లాడితే మన గుండె ఎలా తేలికపడుతుందో మనకు తెలుసు. పెట్టె అప్పగించి టీకి దిగిపోతాం. మనవాడైతే తెలుగు మాట్లాడతాడు, నిజమే. తెలుగు మాట్లాడితే మనవాడేనా? అది ఎర్రగా కాలిన ఇనుప గుండు, పొగ లేని నిప్పు. ముట్టుకుంటే కాలుతుంది.

ఆ ఆదివారం మా మేనకోడలు పెద్దాయన ఇంటి అరుగు మీద కూర్చుని నోటు పుస్తకంలో గళ్ళు గీసింది. ఆయన్ని ఒక్క మాట తప్పు పట్టలేదు, అది నాకు గొప్పగా అనిపించింది. తాతా, నీకు నమ్మకం ఎందుకు కలిగిందో ఒక్కొక్కటే చెప్పు, రాస్తానంది. పేరు తెలుసు. బ్రాంచి తెలుసు. నంబరు తెలుసు. తెలుగు వచ్చు. నాలుగూ రాసి, ప్రతిదాని పక్కన ఒకే ప్రశ్న వేసింది. అతను బ్యాంకువాడు కాకపోయినా ఇది తెలిసే వీలుందా? పేరు? ఊళ్ళో అందరికీ తెలుసు. బ్రాంచి? బస్టాండు పక్కన ఉన్నది ఒకటే. నంబరు దగ్గర పెద్దాయన ఆగాడు. అది బ్యాంకుకు తప్ప ఎవరికి తెలుస్తదన్నాడు. అక్కడ నేను కల్పించుకోవలసి వచ్చింది. మనం ఎవరికి చెక్కు రాసిచ్చినా దాని మీద ఖాతా నంబరు, పేరు అచ్చయి ఉంటాయి. పంట బీమాకు, ఎరువుల సబ్సిడీకి, గ్యాసుకు, మనవడి స్కాలర్‌షిప్పుకు పాస్‌బుక్కు మొదటి పేజీ జిరాక్స్ ఎన్ని చోట్ల ఇచ్చి ఉంటాడో లెక్కేస్తే తొమ్మిది తేలాయి. ఆ కాగితాలు చివరకు ఎవరి చేతిలో పడతాయో ఎవరికి తెలుసు?

నాలుగు గుర్తులూ పోయాయి. అప్పుడు ఆ పిల్ల తెరిచి ఉన్న రెండో దారి పట్టింది. బ్యాంకువాడైతే ఓటీపీ అడగడు. ఇతను అడిగాడు. కాబట్టి బ్యాంకువాడు కాడు. ఇందులో తప్పించుకునే సందు లేదు. అవతలివాడు ఎంత చక్కటి తెలుగు మాట్లాడినా, తాతల పేర్లు ఏడు తరాలు చదివినా ఈ వాదన చెక్కు చెదరదు. పెద్దాయన ఆ మూడు వాక్యాలు మళ్ళీ చెప్పించుకున్నాడు. పోయిన డబ్బు రాలేదు. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో, ఖాతాదారు తప్పు లేనప్పుడు మూడు పని దినాల్లో తెలియజేస్తే అతనికి నష్టం లేదనీ, రహస్య సంఖ్య తనే చెప్పినప్పుడు మాత్రం బ్యాంకుకు ఫిర్యాదు అందేవరకు జరిగిన నష్టం అతనిదేననీ గీత గీశారు. కౌంటరు ఇవతల కూర్చుని ఆ గీత చదివి వినిపించడం నా ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టం లేని పని.

ఇక్కడ పాఠకులకు ఒక సందేహం రావాలి. నాకూ వచ్చింది. కాలేజీలో లాజిక్ చదివితే నిజంగా బుద్ధి పదునెక్కుతుందా? పండితుల కుతర్కాలు చూసిన దేశం మనది. వితండవాదమనే తిట్టు కూడా న్యాయశాస్త్రం నుంచి వచ్చిందే. తన పక్షమేదీ నిలబెట్టకుండా అవతలివాడి మాట పడగొట్టడమే పనిగా పెట్టుకునే వాదాన్ని వాళ్ళు వితండ అన్నారు.

పీటర్ వాసన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో ఒక చిన్న పరీక్ష ప్రచురించాడు. తెలుగు అక్షరాల్లోకి మార్చి చెబుతాను. బల్ల మీద నాలుగు ముక్కలున్నాయి, ఒక్కొక్కదానికి ఒక వైపు అక్షరం, వెనుక అంకె. మీకు కనబడేవి అ, క, 4, 7. అచ్చు ఉంటే వెనుక సరి సంఖ్య ఉంటుందని నియమం. అది నిజమో కాదో తేల్చడానికి ఏ ముక్కలు తిప్పి చూడాలి? చదువుకున్నవాళ్ళలో కూడా ఎక్కువమంది అ, 4 అంటారు. సరైన జవాబు అ, 7. నాలుగు వెనుక ఏమున్నా నియమానికి నష్టం లేదు. ఏడు వెనుక అచ్చుంటే నియమం కూలిపోతుంది. ఇదీ మన వాకిలి తడి లెక్కే. అమెరికాలో చెంగ్, హోలియోక్, నిస్‌బెట్, ఆలివర్ అనేవాళ్ళు 1986లో ప్రచురించిన పరిశోధనలో, ఒక సెమిస్టరంతా కాలేజీలో లాజిక్ చదివిన విద్యార్థులు కూడా ఇలాంటి లెక్కల్లో మెరుగుపడింది నామమాత్రమేనని తేలింది. అంతకు ముందు 1982లో గ్రిగ్స్, కాక్స్ అనే ఇద్దరు అదే లెక్కను వేషం మార్చి అడిగారు. బీరు తాగుతున్నవాడికి వయసు నిండి ఉండాలి, మీరు పోలీసు, ఎవరిని తనిఖీ చేస్తారు? నాలుగింట మూడు వంతుల మంది సరిగ్గా చెప్పారు. లెక్క అదే. తెలిసిన లోకంలోకి దించేసరికి దారి కనబడింది.

అన్నంభట్టు వంటిల్లు గుర్తొచ్చింది నాకు. వాదనలో ఉదాహరణ తప్పనిసరి మెట్టుగా ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది. పిల్లలు సత్యపట్టికలు బట్టీ పడితే పరీక్ష గట్టెక్కుతుంది, అంతే. ఆ పట్టికలో అక్షరాల బదులు పాస్‌బుక్కు, ఫోను, మంజీర నీళ్ళు పెట్టినప్పుడు అది ఒంటికి పడుతుంది. మన ఇళ్ళలో ఆ పని చేయవలసింది పెద్దవాళ్ళే. లాజిక్ మాస్టారికి మన వంటిల్లు తెలియదు కదా.

సబ్జెక్టు మార్చుకునే గడువు దాటిపోయింది, మా మేనకోడలు తర్కంలోనే ఉండిపోయింది. ఫోన్ దెబ్బ తరువాత బావగారు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు గాని, ఉపాధి బెంగ ఆయనకు పోలేదు, పోదు కూడా. పిల్ల ఇప్పుడు పన్నెండులో ఉంది. లా చదవాలని అంటోంది. ఎదురు మాట్లాడటం కొంత పెరిగిన మాట నిజమే. మా చెల్లెలు ఆ సంగతి నాకు ఫోన్ చేసి మరీ చెబుతుంది.

మీ ఇంట్లో పదకొండులో అడుగుపెట్టే పిల్లలుంటే ఆ పుస్తకం ఒకసారి చూడండి. సైన్సు, కామర్సు చదివేవాళ్ళయినా సరే. బాలభారతి వెబ్‌సైటులో మరాఠీది, ఇంగ్లీషుది రెండూ ఉచితంగా దొరుకుతాయి. పెద్దవాళ్ళకు వాదనలో దోషాల పాఠం కాలక్షేపానికి కూడా బాగుంటుంది. సగరోళిలో ఆ పాఠం శనివారం రాత్రుళ్ళు అరుగు మీద జరుగుతోంది. పిల్ల మరాఠీలో చదివి తెలుగులో చెబుతుంది. నానమ్మ, ఆ పెద్దాయన, మరో ఇద్దరు ముగ్గురు వింటారు. పోయిన వారం చెప్పింది, ఒక పాఠం సగంలోనే ఆగిపోయిందట. ఉదాహరణ బాగాలేదని నానమ్మ ఒప్పుకోలేదట.